చిన్నక్క ఆటపెట్టెకు రెండు బటన్లు

తాడిపత్రిలో బోరు మోటారు స్టార్టర్ బాగుచేయాలంటే ఎర్రిస్వామే చేయాలని చుట్టుపక్కల ముప్ఫై ఊళ్ళ రైతులు ఒప్పుకుంటారు. ఎర్రిస్వామినడిగితే ముప్ఫై కాదు, మూడు వందలంటాడు. బోరులో నీళ్ళున్నా లేకున్నా స్టార్టర్ మాత్రం బాగుండాలి. కరెంటు ఎప్పుడొస్తుందో దేవుడికి కూడా తెలియదు కాబట్టి, వచ్చిన క్షణాన పచ్చబటన్ నొక్కితే మోటారు గుర్రుమనాలి. 2004 నాటికి చాలా బోర్లలో ఆ గుర్రుమనడం తప్ప నీటిబొట్టు లేదు. అయినా రైతుకు ఆశ చావదు గనుక ఎర్రిస్వామి అంగడికి పని తప్పలేదు.

అతనికో గొప్ప ఉండేది. టెస్టర్ ముట్టడు. తీగలో కరెంటు ఉందో లేదో చూపుడువేలి వెనకవైపుతో అలా తాకి చెప్పేస్తాడు. "నా యేలే నాకు టెస్టర్ప్పా" అంటూ, లారీ టైరు కోసి కుట్టించుకున్న చెప్పులు టపటపలాడిస్తూ అంగడంతా తిరిగేవాడు. ఇరవై ఏళ్ళుగా ఆ వేలు తప్పు చెప్పలేదు. చెప్పి ఉన్నా ఎర్రిస్వామి ఒప్పుకునే రకం కాదు.

అతని భార్య చిన్నక్క, మేనత్త కూతురే. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయినా మొగుణ్ణి మామా అనే పిలుస్తుంది. బండల ఫ్యాక్టరీలో పనిచేసేది. పాలిష్ బండల్ని సైజు చూసి సందు లేకుండా పేర్చడంలో ఆమెకు సాటి లేరు. ఆమె పేర్చిన వరుసలో పిన్నీసు కూడా దూరదని మేస్త్రీలే అనేవాళ్ళు. రెండేళ్ళ కింద లారీకి ఎక్కిస్తుండగా ఒక బండ జారి ఆమె కుడిచేతి మీద పడింది. డాక్టరు వేళ్ళు నిలబెట్టాడు గానీ చివరి రెండూ వంకరపోయాయి. "ఆడిస్తా ఉండమ్మా, లేకుంటే బిగుసుకుంటాయి" అని పంపేశాడు.

చిన్నక్క ఆడించలేదు. ఆ చేతిని కొంగులో దాచుకుంది, దాంతోపాటు మాటల్నీ దాచుకుంది. ఎడమచేత్తోనే వండేది, ఎడమచేత్తోనే ఊడ్చేది. ఇంటి వెనక కరివేపాకు మొక్క ఒకటుంటే దానితో మాత్రం నాలుగు మాటలాడేది. వీధి కొళాయిలో నాలుగు రోజులకోసారి నీళ్ళొచ్చే ఆ కాలంలో, బియ్యం కడిగిన నీళ్ళు ఆ మొక్కకే అని శాసనం చేసింది. పక్కింటి లక్ష్మక్క కోడి వచ్చి ఆ పాదులో గీరితే వీధి దద్దరిల్లేది. ఆ ఒక్కపూటే ఇంట్లో పాత చిన్నక్క వినపడేది. ఎర్రిస్వామి కోడికి మనసులో దండం పెట్టుకునేవాడు.

అతని అంగడి మీది మేడలో జోయల్ అనే యువకుడు పిల్లలకు కంప్యూటర్ నేర్పేవాడు. కొత్తవి వచ్చినప్పుడు అన్నిట్లోకీ పాతదాన్ని కిందికి మోసుకొచ్చాడు. "అన్నా, దీని స్విచ్చి పోయింది, డబ్బా సొట్టపోయింది. పాతకాలం ఆటలు తప్ప ఇంకేం ఆడదు. పారేసేకి మనసొప్పలేదు. నువ్వు తీసుకుపో" అన్నాడు. రాగితీగ వస్తుందిలే అనుకుని ఎర్రిస్వామి ఇంటికి తెచ్చాడు. ఊడదీసే ముందు ఒక్కసారి వెలిగించి చూద్దామని, స్విచ్చి తీగలు రెండూ మెలిపెట్టి టేపు చుట్టాడు. తెర మీద ఒక ఆట వచ్చింది. పైనుంచి రకరకాల ఆకారాల రాళ్ళు పడుతుంటాయి, కింద సందు లేకుండా పేర్చాలి. వరుస నిండితే మాయమవుతుంది. నిండకపోతే రాళ్ళు మీద మీద పడి నెత్తికెక్కుతాయి. ఎర్రిస్వామి నెత్తికి రెండు నిమిషాల్లో ఎక్కాయి.

"అట్ల కాదు మామా. ఆ పొడుగు బండను తిప్పి నిలబెట్టు" అని పొయ్యి దగ్గర్నుంచి మాట వినిపించింది.

అతను తిప్పాడు. తప్పు చోట పెట్టాడు.

"సందు ఇడిస్తివి గదా! మా మేస్త్రీ అయ్యింటే నీకు కూలి గూడా ఇయ్యడు. జరుగు."

చిన్నక్క వచ్చి కూర్చుంది. కాసేపు ఎడమచేత్తో తిప్పలు పడింది. కీబోర్డు మీద బాణం గుర్తుల కీలు కుడివైపునున్నాయి, రాళ్ళేమో ఆగవు. ఉన్నట్టుండి కొంగులోంచి కుడిచెయ్యి బయటికొచ్చింది. ఎర్రిస్వామి గబుక్కున తల తిప్పి గోడ మీద బల్లిని చూస్తూ కూర్చున్నాడు. తను చూస్తున్నట్టు తెలిస్తే ఆ చెయ్యి మళ్ళీ లోపలికి పోతుందని భయం.

ఆ తర్వాత రాగితీగ ఊసే లేదు. రోజూ మధ్యాహ్నం పనయ్యాక చిన్నక్క ఆటపెట్టె ముందు కూర్చునేది. మొదటి నెలకు వంకర వేళ్ళు కీల మీద ఆనాయి. మూడో నెలకు బిందె మూతిని కుడిచేత్తో పట్టుకుంది. మాటలూ వచ్చాయి, వాటితోపాటు తిట్లూ వచ్చాయి. ఎర్రిస్వామికి ఆ తిట్లు పాయసంలా ఉండేవి.

అంతటితో ఊరుకుంటే అతను ఎర్రిస్వామి ఎందుకవుతాడు? మెలిపెట్టిన తీగలతో భార్య ఆడుకోవడం మూడు వందల ఊళ్ళ మెకానిక్కుకు నామోషీగా తోచింది. ఒక ఆదివారం డబ్బా ముందున్న రేకును రెండు చోట్ల తొలిచి, స్టార్టర్‌కు పెట్టే పచ్చబటనూ ఎర్రబటనూ బిగించాడు. లోపల చిన్న స్టార్టర్ కాయిల్ కూడా పెట్టాడు. పచ్చది నొక్కితే బోరు మోటారు లేచినట్టు దడ్‌మని శబ్దం చేసి కంప్యూటర్ వెలిగేది. లక్ష్మక్క ఉలిక్కిపడి, "ఏమక్కా, నీళ్ళు పడినాయా?" అని పరిగెత్తుకొచ్చింది. చిన్నక్క పడీపడీ నవ్వింది. ఆ నవ్వు చూసి ఎర్రిస్వామి కాలరెగరేశాడు. రేకు వెనక గోడ ప్లగ్గులోంచి వచ్చే కరెంటు నేరుగా తిరుగుతోందనీ, తొలిచిన చిల్లు అంచు కత్తిలా ఉందనీ అతనికి గుర్తు రాలేదు.

పదిరోజుల తర్వాత చిన్నక్క నేల తడిగుడ్డతో తుడిచి, కుడిచేత్తో పచ్చబటన్ నొక్కింది. దడ్‌మన్న శబ్దం రాలేదు, చిన్నక్క కేక వచ్చింది.

సాయంత్రం ఎర్రిస్వామి ఇల్లు చేరేసరికి చెయ్యి కొంగులో ఉంది. "పెట్టె కొట్టింది మామా. భుజం దాకా జివ్వుమనింది" అంది.

మర్నాడు పెట్టెను అంగడికి మోసుకుపోయి కరెంటిచ్చి, పైనా కిందా పక్కలా చూపుడువేలితో తాకి చూశాడు. ఏమీ లేదు. మళ్ళీ చూశాడు. ఏమీ లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని నిర్ధారించుకుని ఇంటికొచ్చి, జన్మలో అనకూడని మాట అన్నాడు.

"దాంట్లో ఏమీ ల్యాదు. ఇరవైయేండ్ల నా యేలు చెప్తాండాది గదా! నీకు ఆ చెయ్యంటేనే భయం. అందుకే కొట్టినట్టు అనిపిచ్చింటాది."

చిన్నక్క అతని మొహంలోకి చూసింది. "సరే మామా" అంది. తిడుతుందని చూశాడు. తిట్టలేదు. పెట్టె మీద పాత పంచె కప్పింది.

మూడు వారాలు గడిచాయి. బిందె మళ్ళీ ఎడమచేతికి మారింది. అన్నం పెట్టేటప్పుడు వంకర వేళ్ళు ఇంకాస్త లోపలికి ముడుచుకున్నట్టు ఎర్రిస్వామికి కనిపించింది. ఏదో ఒకటి చేసి ఆ చేతిని బయటికి రప్పించకపోతే ఇక అది ఎప్పటికీ రాదని గట్టిగా తెలిసిపోయింది. తెలిసిన ఉపాయం ఒకటే. తను కూర్చుని అధ్వానంగా ఆడితే ఆమె ఓర్చుకోలేక లేచి వస్తుంది.

ఆదివారం నీళ్ళు పోసుకుని, తడి కాళ్ళతోనే వచ్చి పంచె తీసి కరెంటిచ్చాడు. పచ్చబటన్ నొక్కబోయి ఎడమచెయ్యి రేకు మీద ఆనించాడు. అంతే. ఎవరో గూటంతో మోచేతి మీద కొట్టినట్టయింది. వెల్లకిలా బండల మీద పడ్డాడు.

చిన్నక్క పరుగున వచ్చి ప్లగ్గు పీకింది. "మామా, తగిలిందా? యాడ తగిలింది?" అంటూ అతని చేతిని ఒళ్ళో పెట్టుకుని రుద్దింది. రెండు చేతులతో రుద్దింది. నేను చెప్పలేదా అని ఒక్క మాట అనలేదు. ఆ మాట అనకపోవడాన్నే ఎర్రిస్వామి భరించలేకపోయాడు. మొహం పక్కకు తిప్పుకున్నాడు. వాకిట్లో అతని టైరు చెప్పులు కనిపించాయి. అంగట్లో చెప్పులుంటాయి; తీగలో నిండు కరెంటైతే వాటి మీద నిలబడ్డా వేలికి తెలుస్తుంది, రేకు మీదికి కారేది తెలియదు. ఇంట్లో ఎవరికీ ఉండవు. తడి బండ మీద వట్టి కాళ్ళతో నిలబడిన మనిషి నిజం చెబితే, తను రబ్బరు మీద నిలబడి అబద్ధమన్నాడు. సిగ్గుతో అతనికి చెవులు వేడెక్కాయి.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పొద్దున్నే జోయల్ దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాడు. జోయల్ పెట్టె విప్పి, చిల్లు అంచుకు ఒరుసుకుని తొడుగు తెగిన తీగను చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"గోడ కరెంటును ముందరి రేకు దాకా యాల తెచ్చినావన్నా? నీ అదృష్టం బాగుండి వదిన బతికింది. ఈ బోర్డుకు కొత్తరకం పవర్ డబ్బా గూడా పడతాది. నేనిస్తా. దాంట్లో గోడ కరెంటు వెనకాల డబ్బాలోనే ఆగిపోతాది. ముందర బటన్‌కు వచ్చేది టార్చిలైటుకు ఉండేటంతే. బటన్ నొక్కితే బోర్డుకు సైగ పోతాది, పని అది జూసుకుంటాది." కాస్త ఆగి, "ఇంట్లో ప్లగ్గుకు ఎర్తు ఉండాదా?" అని అడిగాడు.

ఎర్రిస్వామి నేల చూపులు చూశాడు. ఊరందరికీ ఎర్తు గుంతలు తవ్విన ఘనుడి ఇంట్లో ప్లగ్గు మూడో కన్నం ఉత్తదే.

మూడు రోజులు అంగడికి వచ్చిన స్టార్టర్లన్నీ పక్కన పెట్టాడు. కాయిల్ పీకేశాడు. పాత తీగలు ఒక్కటి మిగల్చకుండా తీసేసి, జోయల్ ఇచ్చిన డబ్బా బిగించాడు. రేకు చిల్లుల అంచులు ఆకురాయితో అరగదీసి, చెంపకు ఆనించి చూసుకుని, రబ్బరు రింగులు తొడిగాడు. పచ్చబటన్ మాత్రం అదే ఉంచాడు. పెద్దది, మెత్తగా దిగేది, వంకర వేళ్ళ కణుపుతో నొక్కినా పలికేది. చిన్నక్క గ్లాసు ఎలా పట్టుకుంటుందో దొంగచూపులు చూసి, ఆ ఎత్తుకు దాన్ని జరిపి పెట్టాడు. ఆట బిగుసుకుపోతే మళ్ళీ మొదలుపెట్టడానికి రెండో బటన్ కావాలి. పాత ఎర్రదాన్నే పెట్టమన్నాడు జోయల్.

"వద్దప్పా" అన్నాడు ఎర్రిస్వామి. "మా జనాలు ఎర్రబటన్ జూస్తే ఆపనీకే అనుకుంటారు. ఆట నడిమధ్యన లక్ష్మక్క వచ్చి నొక్కిందంటే చిన్నక్క నన్ను నరుకుతాది."

నల్లటి చిన్న బటన్ తీసుకుని, పెన్ను మూత కోసిన వలయంలో లోతుగా దింపాడు. వేలి కొసతో కావాలని నొక్కితే తప్ప అది అందదు. అన్నీ అయ్యాక బజారుకు పోయి జీవితంలో మొదటిసారి ఒక టెస్టర్ కొన్నాడు. అంగడివాడు నవ్వినా పట్టించుకోలేదు.

ఇక మిగిలింది ఎర్తు, అంటే రేకుకు కారిన కరెంటు మనిషిని పట్టకుండా నేలలోకి దిగిపోయే దారి. ఇంటి వెనక నడుములోతు గుంత తవ్వి, పైపు దింపి, ఉప్పూ బొగ్గూ పొరలు పొరలుగా వేసి పూడ్చాడు. బల్బు ఒకటి తగిలించి చూస్తే మిణుగురులా మినుక్కుమంది. నాలుగేళ్ళుగా సరైన వాన చూడని నేల, కరెంటునెక్కడ మింగుతుంది? బిందెడు నీళ్ళు పోశాడు. బల్బు భగ్గున వెలిగింది. నాలుగు రోజులకు మళ్ళీ మసకబారింది. మనుషులు తాగడానికే నీళ్ళు లేని చోట కరువులో అధికమాసంలా ఈ గుంత ఒకటి తయారైంది. ఆటకోసం మట్టికి నీళ్ళు పొయ్యమని చిన్నక్కను ఏ మొహంతో అడుగుతాడు?

అడగలేదు. తను స్నానం చేసే బండను ఈడ్చుకుపోయి గుంత పక్కన వేసుకున్నాడు. తన వాటా అరబకెట్ నీళ్ళు ఒంటిమీద నుంచి గుంతలోకే దిగేలా వంగి, గొంతుక్కూర్చుని పోసుకునేవాడు. లక్ష్మక్క గోడమీద నుంచి చూసి, "ఏమన్నా, పాదులో కూసున్నావు? మొలస్తావా?" అంది. "మొలిస్తే నీ కోడికి పెడతాలే" అన్నాడు.

ఆ రోజు భోజనాలయ్యాక పెట్టెను తెచ్చి పెట్టాడు. చెంబెడు నీళ్ళు తెచ్చి, తన కాళ్ళ కింది బండను తనే తడిపాడు. టెస్టర్‌తో రేకంతా చూపించాడు. తర్వాత అరచేయి మొత్తం రేకుకు ఆనించి, రెండో చేత్తో పచ్చబటన్ నొక్కాడు. దడ్‌మనలేదు. లోపల ఫ్యాను సన్నగా తిరిగింది. తెర వెలిగింది.

"చిన్నక్కా, ఆ పొద్దు అంగట్లో చెప్పులేసుకోని చూసినా" అన్నాడు. "తప్పు నాది. నీ చెయ్యి నిజమే చెప్పింది. నా యేలే అబద్ధం చెప్పింది. నీ మాట నమ్మకపోతి."

చిన్నక్క తడి బండను చూసింది, అతని వట్టి కాళ్ళను చూసింది. "పొయ్యి మీద పాలుండాయి" అని లేచిపోయింది.

పొయ్యి మీద పాలు లేవు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఎర్రిస్వామికి ఏడుపొచ్చినంత పనయింది. అయినా బతిమాలలేదు. ఒకసారి మాటతోనే కదా చెడగొట్టాడు, మళ్ళీ మాటతో బాగుచేయబోవడం అతనికి సరిగా తోచలేదు. పెట్టె మీద పంచె కప్పలేదు. రోజూ పొద్దున్నే గుంత దగ్గర కూర్చుని నీళ్ళు పోసుకుని అంగడికి పోయేవాడు. ఒక రోజు జ్వరం తగిలింది. స్నానం చేయకుండా, ఆ నీళ్ళు మాత్రం గుంతకు పోసి పడుకున్నాడు. చిన్నక్క వంటింటి కిటికీలోంచి చూసింది. పెట్టెను మాత్రం ముట్టలేదు.

పన్నెండు రోజులు అలా నడిచాయి. పదమూడో రోజున యాడికి అనే ఊరి దగ్గర ఒక రైతు స్టార్టర్ కాలిపోయిందని కబురొస్తే వెళ్ళాడు. పని తెమలక అక్కడే రెండు రోజులుండాల్సి వచ్చింది. ఎండ చూస్తే నిప్పులు చెరుగుతోంది. చేతులు స్టార్టర్ మీద ఉన్నా మనసంతా గుంత మీదే. ఇప్పటికి పైన మట్టి నెర్రెలిచ్చి ఉంటుంది. చిన్నక్క ఇప్పుడు ముట్టుకోవాలనుకుంటే? ముట్టుకోదు. ముట్టుకుంటే? పని ముగిసీ ముగియగానే, రైతు భోజనానికి ఉండమన్నా ఉండకుండా లారీ ఎక్కాడు.

మిట్టమధ్యాహ్నం ఇల్లు చేరాడు. ముందు వాకిలికి కూడా పోకుండా సందులోంచి నేరుగా ఇంటి వెనక్కి నడిచాడు.

గుంత తడిగా ఉంది. నల్లగా, అప్పుడే తడిపినట్టు నిగనిగలాడుతోంది. కొళాయి వచ్చే రోజు కాదు. వంగి చూశాడు. మట్టి మీద నాలుగైదు బియ్యపు గింజలు. లక్ష్మక్క కోడి వాటిని తీరిగ్గా ఏరుకుంటోంది, దాన్ని అదిలించేవాళ్ళు లేరు. ఎర్రిస్వామి తల తిప్పి కరివేపాకు మొక్కను చూశాడు. దాని పాదు తెల్లగా ఎండి ఉంది. ఆకులు కొంచెం వాడాయి.

అతను అక్కడే నిలబడిపోయాడు. ఇంట్లోంచి టకటకమని చప్పుడు వినిపించింది. ఆగి, మళ్ళీ టకటక. ఆ వెంటనే, "తిరుగు, తిరుగే ముండా" అని రాయినెవరో తిడుతున్న గొంతు.

ముందు వాకిలికి ఎలా వచ్చాడో అతనికే తెలియదు. గడప దగ్గర ఆగాడు. చిన్నక్క వీపు ఇటు పెట్టి కూర్చుంది. తుడిచిన తడి ఇంకా ఆరని బండ మీద వట్టి కాళ్ళు. కొంగు నడుముకు దోపుకుంది. కుడిచెయ్యి కీల మీద ఉంది, ఐదు వేళ్ళూ బయటే ఉన్నాయి.

"గుంతకు నువ్వే పోసినావా?" అని అడిగాడు.

"పోసినా. రెండు దినాలు నువ్వు ల్యాకపోతివి. ఎండిపోతాదని." ఆమె తల తిప్పలేదు. రాయిని తిప్పింది.

"కరివేపాకుకో?"

"దానికి రేపు." ఒక వరుస నిండి మాయమైంది. "పన్నెండు దినాలు చూసినా మామా. జ్వరమొచ్చినా తప్పకపోతివి."

ఎర్రిస్వామి సంతోషంతో గబగబా ఒక కాలు గడప లోపల పెట్టాడు. టైరు చెప్పు టప్‌మంది.

"ఆడే ఆగు" అంది చిన్నక్క, తెర మీద నుంచి చూపు తిప్పకుండానే. "చెప్పులిడ్సి రా."

అతను చెప్పులు వాకిట్లో విడిచి, వట్టి కాళ్ళతో తడి బండ మీద నడిచి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు.